బీదరు కోటగోడల నడుమ: ఒక మధ్యయుగ పట్టణాన్ని దర్శించే విధానం

పాఠం ఉద్దేశం

ఉద్యోగం కోసమో, వ్యాపారం కోసమో, తాతముత్తాతల నాటి వలస వల్లనో కర్ణాటకలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవు దినాలలో చారిత్రక స్థలాలను చూడబోవడం పరిపాటి. హంపి, బాదామి, బిజాపురాలను చూసివచ్చిన వారు అనేకులు. రాష్ట్రానికి ఉత్తరపు కొసన, తెలంగాణ, మహారాష్ట్రల సరిహద్దుల చెంత ఉన్న బీదరును చూసిన వారు మాత్రం తక్కువ. హైదరాబాదు నుండి అది సుమారు 140 కిలోమీటర్ల దూరం. బెంగళూరు నుండి రాత్రి రైలెక్కితే మరునాటికి చేరవచ్చు.

బీదరు శిథిల నగరం కాదు. కోటగోడ, ఊరిగోడ, దర్వాజాలు, ఇరుకు వీధులు, వాటి నడుమ నేటికీ సాగుతున్న సంసారాలు కలిగిన సజీవ పట్టణం. ఇటువంటి ఊరిని చూసేటప్పుడు కట్టడాల పేర్లు, రాజుల తేదీలు తెలుసుకొంటే సరిపోదు. ఆ గోడల లోపల ఎవరెవరు కలిసి బ్రతికారు, వారిని నిలబెట్టినది ఏది, వారి నడుమ పొత్తు చెడినప్పుడు ఏమి జరిగింది అని కూడా అడగాలి. ఈ పాఠం ఆ ప్రశ్నలనే వెంటబెట్టుకొని బీదరును పరిచయం చేస్తుంది. ఒక ఊరి నుండి మరొక ఊరికి వచ్చి బ్రతుకుతున్న మనకు ఈ ప్రశ్నలు పరాయివి కావు.

పేరు, స్థలం

బీదరు అనే పేరు కన్నడంలోని 'బిదిరు' నుండి వచ్చిందని పలువురు చెబుతారు. మన 'వెదురు', కన్నడ 'బిదిరు' ఒకే మూలానికి చెందిన మాటలు. మహాభారతంలోని విదురుని పేరుతో ఈ ఊరిని ముడిపెట్టే ఐతిహ్యం కూడా స్థానికంగా ప్రచారంలో ఉంది.

ఊరు సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి అంచున వెలసింది. ఆ పీఠభూమి లాటరైటు శిలతో ఏర్పడింది. ఎర్రగా, చిన్న చిన్న రంధ్రాలతో కనిపించే ఈ శిలకు రెండు గుణాలు ఉన్నాయి. భూమిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి సులభంగా కోతకు లొంగుతుంది; కోసి గాలికి ఆరబెడితే గట్టిపడుతుంది. వాననీటిని తనలోనికి ఇంకించుకొని అడుగుకు దింపుతుంది. మొదటి గుణం వల్ల గోడలు లేచాయి. రెండవ గుణం వల్ల గుట్టమీద ఉన్న ఊరికి నీరు లభించింది. ఈ రెండింటిని గుర్తుంచుకొంటే బీదరు నిర్మాణం సగం అర్థమైనట్లే.

కోట, కందకం

బహమనీ సుల్తానులు 1347లో దక్కనులో స్వతంత్ర రాజ్యం స్థాపించి మొదట గుల్బర్గా రాజధానిగా పాలించారు. 1422లో సింహాసనమెక్కిన అహమదు షా వలీ రాజధానిని బీదరుకు మార్చాడు. అంతకు ముందే ఇక్కడ పాత కోట ఉండేది. దానిని విస్తరించి, 1430 ప్రాంతంలో నేడు మనం చూసే కోటకు రూపం కల్పించాడు.

కోటలోనికి ప్రవేశించే ముందు కందకం దగ్గర కొంతసేపు నిలవండి. ఊరి వైపున అది మూడు వరుసలుగా ఉంది. రెండు వరుసల నడుమ శిలనే గోడవలె విడిచిపెట్టి, అటూ ఇటూ తొలిచారు. ఇది పేర్చిన కట్టడం కాదు, చెక్కిన కట్టడం. గోడల రాయికీ కందకపు రాయికీ రంగులో భేదం కనిపించదు. రెండూ ఒకే గుట్టకు చెందినవి.

కోట ద్వారాలలో షర్జా దర్వాజా, గుంబద్ దర్వాజా ముఖ్యమైనవి. ముందుగా షర్జా దర్వాజా వస్తుంది. దాని ముఖభాగంపై చెక్కిన పులులను బట్టి ఆ పేరు వచ్చింది. ద్వారాల నడుమ దారి తిన్నగా సాగక మలుపులు తిరుగుతుంది. దండెత్తి వచ్చిన ఏనుగులు, గుర్రాలు వేగంగా చొచ్చుకొని రాకుండా నిరోధించడమే దీని ప్రయోజనం. దారి మలుపు తిరిగిన చోట ఆగి, పైన బురుజు మీద నిలిచిన కావలివాని కంటికి మీరెలా కనిపిస్తారో ఊహించండి. కోట నిర్మాణంలోని తర్కం అక్కడ బోధపడుతుంది.

లోపల సోలా ఖంబా మసీదు ఉంది. 15వ శతాబ్దపు తొలి భాగంలో కట్టిన ఈ మసీదు బీదరులోని ముస్లిం కట్టడాలలో మిక్కిలి ప్రాచీనమైనది. దాని సమీపాన రంగీన్ మహల్, తర్కష్ మహల్, గగన్ మహల్, తఖ్త్ మహల్ ఉన్నాయి. పూర్వపు రాజస్నానశాలలో పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల నడుస్తున్నది. రంగీన్ మహల్ సాధారణంగా తాళం వేసి ఉంటుంది. ప్రదర్శనశాలలో అడిగి, అనుమతితో చూడవలసి ఉంటుంది. ఆ శ్రమ వ్యర్థం కాదు. అక్కడి చెక్క స్తంభాలపై దక్కను శిల్పుల పనితనం, గోడలపై పారసీక రీతి పలకలు, నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్పల తీగలు ఒకే గదిలో కలిసి కనిపిస్తాయి. ఆ గదిలోని పని అంతా ఒక దేశపు చేతులది కాదు.

దర్వాజాలు, వీధులు

కోటకు ఆనుకొని పట్టణం ఉంది. దానికి వేరుగా గోడ, కందకం, అయిదు దర్వాజాలు ఉన్నాయి: షాగంజ్, ఫతే, మంగళ్‌పేట, తల్‌ఘాట్, దుల్హన్. ఈ పేర్లు నేటికీ పేటల పేర్లుగా, ఆటో ఎక్కేటప్పుడు చెప్పే గుర్తులుగా వాడుకలో ఉన్నాయి.

ప్రధాన వీధులు కలిసే చోట చౌబారా అనే గుండ్రని బురుజు నిలిచి ఉంది. దీని ఎత్తు సుమారు 71 అడుగులు. పైనుండి నాలుగు దిక్కులా దూరం వరకు కనిపించడం వల్ల దీనిని కావలి బురుజుగా ఉపయోగించారు. చౌబారా చుట్టూ నడిచే వారికి కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు మాటలు వినిపిస్తాయి. 1956 నవంబరు 1న భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడే వరకు బీదరు హైదరాబాదు రాజ్యంలో భాగం. సరిహద్దు గీత తరువాత వచ్చింది. బాంధవ్యాలు, బేరసారాలు, భాషలు దానికి ముందే ఉన్నాయి.

మహమూదు గవాను: వచ్చినవాడు, నిలిపినవాడు

చౌబారా నుండి కోట వైపు వెళ్ళే దారిలో మహమూదు గవాను మదరసా ఉంది. ఈ పట్టణంలో ఎక్కువ సమయం గడపవలసిన చోటు ఇదే.

మహమూదు గవాను పారసీక దేశంలోని గీలాను ప్రాంతం నుండి 1453లో వర్తకునిగా బీదరుకు వచ్చాడు. కొలువులో చేరి, అంచెలంచెలుగా ఎదిగి, ముగ్గురు సుల్తానులను సేవించి ప్రధానమంత్రి అయ్యాడు. ఆనాటి రాజ్యంలో రెండు వర్గాలు ఉండేవి. ఇరాను, మధ్య ఆసియా ప్రాంతాల నుండి కొత్తగా వచ్చిన వారిని 'ఆఫాకీలు' అనేవారు. తరాలుగా ఇక్కడ స్థిరపడిన వారు 'దక్కనీలు'. పదవుల కోసం, పలుకుబడి కోసం ఈ వర్గాల నడుమ సాగిన వైరం అనేక పర్యాయాలు రక్తపాతానికి దారితీసింది.

గవాను స్వయంగా ఆఫాకీ. అయినా రాష్ట్రాల అధికార పదవులను రెండు వర్గాలకూ పంచాడు. నాలుగు పెద్ద రాష్ట్రాలను ఎనిమిదిగా విభజించాడు. ఒక్కొక్క అధిపతి చేతిలో ఒక్క కోటనే ఉంచి, తక్కిన కోటలను నేరుగా సుల్తాను అధీనంలోనికి తెచ్చాడు. భూములను కొలిపించి పన్ను నిర్ణయించే పద్ధతికి పూనుకొన్నాడు. ఇవి రాజ్యానికి మేలు చేసిన పనులే గాని, బలవంతుల ఆదాయాన్ని, అధికారాన్ని తగ్గించాయి.

మదరసా నిర్మాణం 1472 నాటిది. మూడంతస్తుల భవనం, నడుమ విశాలమైన ప్రాంగణం, చుట్టూ బోధనశాలలు, విద్యార్థులకు, అధ్యాపకులకు వసతి గదులు, మసీదు, గ్రంథాలయం. గ్రంథాలయంలో మూడు వేల గ్రంథాలు ఉండేవని చెబుతారు. ముఖభాగాన్ని నీలం, పసుపు, తెలుపు పలకలతో అలంకరించారు. ఆ పలకలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. ఉదయపు వెలుగులో మిగిలిన మీనారు వద్దకు వెళ్ళి చూస్తే, పలకలు రాలిపోయిన చోట ఇటుక, మిగిలిన చోట రంగు కనిపిస్తాయి.

మీనార్లు మొదట రెండు. మొఘలుల కాలంలో ఈ భవనాన్ని సైన్యం అవసరాలకు వాడుకొన్నారు. 17వ శతాబ్దం చివర అక్కడ నిల్వ ఉంచిన తుపాకిమందు పేలి ఒక మీనారు, ముఖభాగంలో చాలా వంతు కూలిపోయాయని చరిత్రకారులు వ్రాశారు. విద్యాలయాన్ని ఆయుధశాలగా మార్చిన ఫలితం ఆ గోడలోని ఖాళీలో ఇప్పటికీ చూడవచ్చు.

కట్టించినవాని కథ అంతకన్న విషాదకరం. ప్రత్యర్థులు గవాను ముద్రను కాపాడే సేవకుని లోబరుచుకొని ఖాళీ కాగితంపై ముద్ర వేయించారు. ఆ కాగితంపై, ఒడిశా గజపతిని దండయాత్రకు ఆహ్వానిస్తున్నట్లు లేఖ సృష్టించి సుల్తాను మూడవ మహమ్మదుకు చూపించారు. సుల్తాను అప్పుడు తీరాంధ్ర దండయాత్రలో ఉన్నాడు. 1481 ఏప్రిల్‌లో, మన విజయవాడ చేరువలోని కొండపల్లి దగ్గర విడిదిలో, విచారణ లేకుండా ఆ వృద్ధ మంత్రిని చంపించాడు. నిజం తెలిసి కుమిలిపోయిన సుల్తాను మరుసటి ఏడాదే మరణించాడు. గవాను సమాధి బీదరు పొలిమేరలో ఉంది.

తరువాత వర్గవైరాన్ని అదుపు చేయగలవారు లేకపోయారు. 1490 మొదలుకొని రాష్ట్రాధిపతులు ఒక్కొక్కరుగా స్వతంత్రులై, బహమనీ రాజ్యం బిజాపురం, అహమదునగరం, బేరారు, గోలకొండ, బీదరు అనే అయిదు రాజ్యాలుగా చీలిపోయింది. మూడు వరుసల కందకం, అంత దృఢమైన గోడ ఉండి కూడా ఈ చీలికను ఆపలేదు. ఏ శత్రువూ గోడ పగులగొట్టి లోనికి రాలేదు. రాజ్యం లోపలి నుండి విడిపోయింది.

తెలుగువారికి తెలిసిన గోలకొండ కథ ఇక్కడే మొదలవుతుంది. ఇరానులోని హమదాను ప్రాంతం నుండి వచ్చిన సుల్తాన్ కులీ బీదరు కొలువులో పనిచేసి, 'కుతుబుల్ ముల్క్' బిరుదు పొంది, తెలంగాణ ప్రాంతపు అధికారిగా గోలకొండకు వెళ్ళాడు. కుతుబ్‌షాహీ వంశానికి ఆయనే మూలపురుషుడు. హైదరాబాదును నిర్మించినది ఆ వంశమే.

నేల కింది నగరం

కోటపై నీటి వసతి లేకుంటే ముట్టడిలో గోడ నిష్ప్రయోజనం. బీదరువారు ఈ సమస్యను పారసీక దేశపు విద్యతో పరిష్కరించారు. దాని పేరు కరేజ్.

కరేజ్ పనిచేసే విధానం ఇది. ఎత్తైన చోట, నీరు ఊరే పొరను కనుగొని తల్లిబావి తవ్వుతారు. అక్కడి నుండి ఊరి వైపు స్వల్పమైన వాలుతో నేల కింద సొరంగం తొలుస్తారు. తవ్విన మట్టి పైకి తీయడానికి, లోపలికి గాలి, వెలుతురు రావడానికి దారి పొడవునా నిలువు బావులు దింపుతారు. నీరు యంత్రం లేకుండా, ఎండకు ఆవిరి కాకుండా, తన బరువుతో తానే పారుతుంది. లాటరైటు శిల పైనుండి వాననీటిని పీల్చుకొని అడుగున ఉన్న గట్టి పొర వరకు దింపుతుంది గనుక ఈ విద్య ఇక్కడ చక్కగా ఒదిగింది. పద్ధతి పారసీకులది, శిల మనది, రెండూ కలిసినందున నీరు వచ్చింది.

వీటిలో నౌబాద్ కరేజ్ రెండు కిలోమీటర్లకు పైబడిన పొడవు గలది. కాలక్రమంలో బావులలో చెత్త నింపారు, కొన్నింటిపై కట్టడాలు లేచాయి, సొరంగాలు పూడిపోయాయి. కుళాయి వచ్చిన తరువాత కరేజ్‌ను జనం మరిచిపోయారు. 2014లో ప్రపంచ స్మారక నిధి సంస్థ రక్షణ అవసరమైన స్థలాల జాబితాలో బీదరు చారిత్రక నగరాన్ని చేర్చింది. ఆ దశకంలోనే నౌబాద్ కరేజ్‌ను శుభ్రపరిచే పనులు చేపట్టి కొన్ని బావులను తెరిచారు. పూడిన బావి నోటి దగ్గర నిలిచినప్పుడు, గోడకన్న నీరే ఊరికి ముందు రక్షణ అని స్ఫురిస్తుంది. కోటగోడను కూల్చడానికి ఫిరంగి కావాలి. బావిని చంపడానికి రోజూ ఒక బుట్టెడు చెత్త చాలు.

ఈ శిల నుండి సహజంగా ఊరే నీటి చుట్టూ తీర్థాలు కూడా వెలిశాయి. నరసింహ ఝరణి గుహాలయంలో భక్తులు ఛాతీ లోతు నీటిలో నడిచి స్వామిని దర్శిస్తారు. గురు నానకు పేరుతో వెలసిన నానక్ ఝీరా సాహెబ్ గురుద్వారా దగ్గర ఊట నేటికీ ప్రవహిస్తున్నది. 1699లో ఖాల్సా స్థాపన నాటి పంచ ప్యారేలలో ఒకరైన భాయి సాహిబ్ సింగ్ ఈ ఊరివారే.

బిద్రీ: మట్టిలో దాగిన నలుపు

ఊరి పేరుతోనే ప్రసిద్ధి చెందిన లోహకళ బిద్రీ. పారసీక శిల్పుల రాకతో ఇది ఇక్కడ వేళ్ళూనిందని సంప్రదాయం. జింకు అధికంగా, రాగి కొద్దిగా కలిపిన మిశ్రమాన్ని ఇసుక అచ్చులో పోతపోస్తారు. పాత్రను ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం ద్రావణంతో తాత్కాలికంగా నల్లబరచి, దానిపై చేతి ఉలితో లతలు, పువ్వులు చెక్కుతారు. ఆ గాళ్ళలో వెండి తీగను లేదా రేకును సుత్తితో పొదుగుతారు. చివరకు కోటలోని పాత గోడల మాటున, వాన తగలని చోట దొరికే మట్టిని నవాసారంతో కలిపి, వేడిచేసిన పాత్రపై రుద్దుతారు. లోహం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది.

కొనదలచిన వారు వీలైతే పనివారి దగ్గరే కొనండి. ఒక చిన్న డబ్బీ వెనుక పోతపోసేవారు, చెక్కేవారు, పొదిగేవారు ఉంటారు. వారి పని చూసిన తరువాత బేరమాడే తీరు మారుతుంది.

అష్టూరు సమాధులు

పట్టణానికి తూర్పున కొద్ది కిలోమీటర్ల దూరంలో అష్టూరు గ్రామం వద్ద బహమనీ సుల్తానుల సమాధులు వరుసగా ఉన్నాయి. అహమదు షా వలీ సమాధి లోపలి గోడలు, గోపురం రంగుల చిత్రణతో, అక్షర రచనతో నిండి ఉంటాయి. ఆయన ఉరుసుకు హిందువులు, ముస్లిములు కలిసి వస్తారు. లింగాయత జంగముడు అందులో పాల్గొనడం తరతరాల ఆచారం. పక్కనే హుమాయూను సమాధి గోపురం పిడుగుపాటుకు నిలువునా చీలి, సగమే మిగిలింది. దారిలో ఉన్న చౌఖండీ, ఇరానులోని కిర్మాను నుండి వచ్చిన సూఫీ కుటుంబానికి చెందిన ఖలీలుల్లా సమాధి.

సందర్శకుల విధులు

రాజ్యాంగంలోని 51ఎ అధికరణం మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. ఈ విధికి ఓటరు జాబితాతో, మాతృభాషతో సంబంధం లేదు. నిన్న వచ్చినవారికీ, తరాలుగా ఉన్నవారికీ ఇది సమానమే.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం నుండి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతితోనే నిర్మించాలి. రక్షిత కట్టడాన్ని పాడుచేసిన వారికి రెండేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. గోడపై పేరు గీకడం కూడా పాడుచేయడమే.

ఈ నిబంధనల భారం పాత ఊరిలో నివసించే వారిపై ఎక్కువగా పడుతుందని సందర్శకులు మరువరాదు. పాతబడిన ఇల్లు బాగుచేసుకోవడానికి కూడా వారు అనుమతి పొందవలసి రావచ్చు. కనుక వారి గుమ్మాలను ప్రదర్శన వస్తువులుగా చూడవద్దు. అడగకుండా ఫొటోలు తీయవద్దు. మసీదులలో, దర్గాలలో, గుడులలో అక్కడి ఆచారాన్ని పాటించండి. నీటి సీసాలు, తినుబండారాల పొట్లాలు మీతోనే తిరిగి తీసుకొనిపోండి. కరేజ్ బావుల దగ్గర పిల్లల చేయి విడువకండి.

దారిలో పనికివచ్చే మాటలు

స్థానికులతో వారి మాటలో పలకరించడం మర్యాద. కొన్ని కన్నడ పదాలు మనకు చుట్టాలే: కోట – కోటె, వాకిలి – బాగిలు, వీధి – బీది, బావి – బావి, నీరు – నీరు, వెదురు – బిదిరు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. లాటరైటు శిలకు గల రెండు గుణాలు బీదరు నిర్మాణానికి ఎట్లా తోడ్పడ్డాయి?

2. మహమూదు గవాను రెండు వర్గాలకూ పదవులు పంచడానికి కారణం ఏమై ఉంటుంది? ఆ ఏర్పాటు ఆయనతోనే ఎందుకు అంతరించింది?

3. బీదరులో పారసీకులు తెచ్చినది, స్థానికులు ఇచ్చినది కలిసి రూపొందిన మూడు విషయాలను పేర్కొనండి.

4. మీరు నివసించే నగరంలో పూడిపోయిన బావి, ఆక్రమణకు గురైన చెరువు, పేరు మాత్రమే మిగిలిన దర్వాజా ఏదైనా ఉన్నదా? దాని చరిత్రను మీ పేటలోని పెద్దవారిని అడిగి, వారు ఏ భాషలో చెప్పినా, ఒక పుటలో వ్రాసి పెట్టండి.